చేతిలో రెండు స్వరాలు

ఒక పాటను పదమూడు మంది పంచుకోవాలి. చరణానికి ఒకరు చొప్పున కాదు, ఒకరు పల్లవి ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవడమూ కాదు. స్వరాలనే పంచుకోవాలి. షడ్జమం, రిషభం ఒకామె చేతుల్లో ఉంటాయి. గాంధార మధ్యమాలు పక్కనున్న పెద్దాయన చేతుల్లో. పంచమం, ధైవతం ఆ పక్కన నిలబడ్డ కుర్రాడివి. పాటలో గాంధారం వచ్చినప్పుడల్లా పెద్దాయన చెయ్యి కదలాలి, రానంతసేపూ ఊరుకోవాలి. ఏ ఒక్కరి దగ్గరా పాట ఉండదు. ఇంటికెళ్లి సాధన చేద్దామన్నా చేతిలో ఉన్నవి రెండే స్వరాలు, వాటితో పాట రాదు. అందరూ వచ్చి నిలబడితేనే ఆ గదిలో పాట పుడుతుంది. చేతిగంటల బృందం అంటే ఇదీ.

గంటలన్నీ కంచువే. రాగి సుమారు నాలుగు పాళ్లు, తగరం ఒక పాలు. పట్టుకోవడానికి పైన ఒక పిడి. మన పూజగంట నాలుక అన్ని వైపులా ఊగుతుంది కాబట్టి గణగణమంటూనే ఉంటుంది. ఈ గంట నాలుకకు ముందుకూ వెనక్కూ తప్ప దారి లేదు, పైగా చిన్న స్ప్రింగు దాన్ని పట్టి ఉంచుతుంది. చెయ్యి ఒకసారి విసిరితే ఒకే ఒక్క దెబ్బ. మూడు స్థాయిల బృందానికి 37 గంటలు కావాలి: స్థాయికి పన్నెండు స్వరస్థానాల చొప్పున 36, ఆ పైన ఇంకో షడ్జమం. అయిదు స్థాయిలైతే 61. పై స్థాయి గంట పిడికిట్లో ఇమిడిపోతుంది. అన్నిటికన్నా కింది స్థాయి గంటను ఎత్తి ఊపాలంటే భుజబలం ఉండాలి. చేతి చెమట కంచుకు అంటకుండా అందరూ గ్లవుజులు వేసుకుంటారు. ముందు మెత్తటి స్పాంజి పరిచిన పొడవాటి బల్ల ఉంటుంది, చేతిలో లేని గంటలు దానిమీద పడుకుని ఉంటాయి. ఎదురుగా బృందాన్ని నడిపే మనిషి నిలబడి చేతులతో లయ చూపిస్తారు. ఆ ఒక్కరి చేతిలో మాత్రం గంట ఉండదు.

ఇదంతా నాకు చెప్పింది నా దగ్గర గణితం చదువుకున్న అమ్మాయి. ఇప్పుడు మిషిగన్‌లో ఉంటుంది. అక్కడ తమ ఊరి చేతిగంటల బృందంలో కొన్నేళ్లుగా సభ్యురాలు. సెలవులకు తార్నాకలో పుట్టింటికి వచ్చినప్పుడు నన్ను చూడటానికి వస్తుంది, ఇద్దరం ఉస్మానియా క్యాంపస్ లోపలికి నడుస్తాం. పదవీ విరమణ అయ్యాక కూడా నా కాళ్లకు ఆ దారి తప్ప ఇంకోటి తోచదు. తార్నాక చౌరస్తాలో మెట్రో వంతెన కింద ఎంత రొద ఉన్నా, క్యాంపస్ చెట్ల కిందికి రాగానే మనిషి మాట మనిషికి వినిపిస్తుంది. ఈసారి దారంతా గంటల గురించే అడిగాను.

"మేడమ్, చూసేవాళ్లు మేం మోగించడం చూస్తారు. మా సాధన సగం ఆపడం మీదే పోతుంది" అంది. కంచు అంత త్వరగా ఊరుకోదు. కొట్టి వదిలేస్తే నాదం సాగుతూనే ఉంటుంది, తరవాతి స్వరం మీద పడి దాన్ని మసక చేస్తుంది. అందుకని ఎంతసేపు మోగాలో అంతసేపే మోగనిచ్చి, గంట అంచును భుజానికి ఆనించి ఆపేయాలి. ఒక్క క్షణం ముందు ఆపితే స్వరం తెగినట్టుంటుంది, ఒక్క క్షణం ఆలస్యమైతే పక్కవాళ్ల స్వరం చెడుతుంది. కొన్ని పాటల్లో ఆమె గంటలు పది పన్నెండు సార్లు మోగితే ఎక్కువట. మిగతా కాలమంతా పెదవులు కదపకుండా లెక్కపెడుతూ ఉంటుంది. "ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తాం గానీ అప్పుడే ఎక్కువ పని. అందరి స్వరాలూ వినాలి, నా వంతు ఎక్కడుందో అందులోనే తెలుస్తుంది."

ఆ మాట నా మనసులో నిలిచిపోయింది. క్లాసులో ముప్ఫై ఏళ్లకు పైగా మాట్లాడినదాన్ని. ఎవరైనా మౌనంగా ఉంటే వాళ్లకు తెలియదనో, భయమనో, ఆసక్తి లేదనో అనుకునే వాతావరణం మా చదువులది. తన వంతు కోసం మెలకువగా ఆగడం ఒక విద్య అని, దాన్ని నేర్పాలని, దానికీ మార్కులుండాలని ఏ సిలబస్‌లోనూ రాయలేదు. గంటలు పట్టుకున్న మనిషి చేసే మౌనానికి పూర్తి అర్థం ఉంది. ఆమె ఊరుకున్నప్పుడు వేరొకరు వినిపిస్తున్నారు. ఆ వేరొకరు ఊరుకున్నప్పుడు ఈమె వినిపిస్తుంది. ఇద్దరూ ఒకేసారి వినిపించాల్సిన చోటు రాసి పెట్టి ఉంటుంది.

మన కచేరీ తీరు వేరు. వేదిక మధ్యలో విద్వాంసుడో విదుషీమణో కూర్చుంటారు, పాట వాళ్లది. వయొలిన్, మృదంగం పక్కనుంటాయి. ఎంత గొప్పవాళ్లయినా వాళ్లను పక్కవాద్యాలనే అంటాం. ఈ పద్ధతిలో ఎన్ని అద్భుతాలు పుట్టాయో నాకు తెలుసు, దాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు ఎంతమాత్రం లేదు. కానీ నా చూపు ఎప్పుడూ పెళ్లి సన్నాయి మేళంలో శ్రుతి పట్టే మనిషి మీదికి పోతుంది. ముఖ్య సన్నాయి రాగాలు పోతుంటే, అతను బుగ్గలు పూరించి ఒకే స్వరం ఊదుతూ కూర్చుంటాడు. తాళి కట్టేదాకా అదే స్వరం, ఊరేగింపులో అదే స్వరం. అతను ఆపితే మేళమంతా నేల విడిచినట్టవుతుంది. అతని పేరు పెళ్లిపత్రికలో ఎవరూ వేయరు. పేరు వేయకపోవడం నాకు బాధే గానీ, ఆ స్వరం అతని చేతికి ఎలా వచ్చింది అన్న ప్రశ్న అంతకన్నా ముఖ్యమైనదని ఈమధ్యే తెలిసింది. అక్కడికి వస్తాను.

చేతిగంటలు పుట్టింది ఇంగ్లండ్‌లో. చర్చి గోపురాల్లో పెద్ద గంటలను తాళ్లతో లాగి మోగించేవాళ్లకు ఒక ఆట ఉండేది: ఉన్న గంటలను రకరకాల వరుసల్లో మోగించాలి, ఒకసారి వచ్చిన వరుస మళ్లీ రాకూడదు. ఏడు గంటలుంటే ఎన్ని వరుసలు సాధ్యమో నా విద్యార్థులెవరైనా చెప్పగలరు, ఏడు ఫాక్టోరియల్, 5,040. అవన్నీ తప్పు లేకుండా మోగించాలంటే సుమారు మూడు గంటల సేపు తాళ్లు లాగుతూ ఉండాలి. 1715లో నారిచ్ పట్టణంలో దాన్ని మొదటిసారి సాధించారు. కాగితం చూడకుండా, జ్ఞాపకం మీద. ఈ విద్య మీద మొదటి పుస్తకం 1668లోనే అచ్చయింది. ప్రస్తారాలు, సంయోగాలు బోర్డు మీద రాసిన నాకు, అదే సంగతిని మామూలు పనివాళ్లు చేతులతో, చెవులతో చేశారంటే చెప్పలేనంత గౌరవం. గోపురంలో సాధన చేస్తే ఊరంతా వినాల్సి వస్తుంది, చలికాలం అక్కడ నిలబడటమూ కష్టం. అందుకని ఇంట్లోనో సారాయి దుకాణంలోనో కూర్చుని వరుసలు వల్లెవేయడానికి చిన్న గంటలు చేయించుకున్నారు. పదిహేడో శతాబ్దం చివర, పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో ఆల్డ్‌బోర్న్ అనే ఊళ్లో కోర్ అన్నదమ్ములు వాటిని శ్రుతి కుదిరేలా పోతపోశారు. శ్రుతి కుదిరాక వరుసలతో ఆగుతారా, పాటలు మొదలయ్యాయి.

తాళ్లతో లాగే పెద్ద గంటల సంప్రదాయం మన దేశానికీ వచ్చింది, పుణెలోని పంచ్ హౌద్ చర్చి గోపురంలో అలాంటి గంటలు ఎనిమిది ఉన్నాయి. అమెరికాకు చేతిగంటలను తీసుకెళ్లింది సర్కసుల బార్నమ్. 1840లలో లాంకషైర్ నుంచి గంటల బృందాన్ని రప్పించి, స్విస్ దుస్తులు తొడిగి, స్విట్జర్లాండ్ వాళ్లని చెప్పి ఊరూరా తిప్పాడు. ఇళ్లలోకి, ఇరుగుపొరుగు మధ్యకు తెచ్చింది మాత్రం బోస్టన్ మహిళ మార్గరెట్ షర్క్లిఫ్. 1902లో లండన్ వెళ్లి అక్కడి గోపుర గంటలు మోగించి, అక్కడ బహుమతిగా వచ్చిన చేతిగంటలతో ఇంటికి చేరింది. 1923లో బీకన్ హిల్‌లో బృందం కట్టింది. 1954లో దేశమంతటి బృందాలకూ ఒక సంఘం ఏర్పడింది, మొదలుపెట్టిన వాళ్లలో ఆమే ముందుంది. మా అమ్మాయి నిలబడుతున్న బల్ల ఆ పరంపరలోదే.

ఇక్కడిదాకా విన్నప్పుడు నాకు సంతోషమే కలిగింది. తరవాత రష్యా సంగతి గుర్తొచ్చి నడక నెమ్మదించింది.

1751 ప్రాంతంలో సెయింట్ పీటర్స్‌బర్గ్ రాజదర్బారులో యాన్ మరేష్ అనే చెక్ సంగీతకారుడు వేట కొమ్ములతో ఒక వాద్యబృందం తయారుచేశాడు. ఒక్కో కొమ్ము ఒక్కో స్వరమే పలుకుతుంది. చిన్నది జానెడు ఉంటే పెద్దది మనిషి కన్నా పొడవు, నేలమీద ఆనించి ఊదాలి. ప్రభువుల కుటుంబాలకు అది తెగ నచ్చింది. ఊదేవాళ్లు ఎవరు? వాళ్ల భూముల మీది కట్టుబానిసలు. ఒక మనిషికి ఒక స్వరం ఇచ్చేవారు. అతను జీవితమంతా ఆ ఒక్క స్వరమే ఊదాలి. తన వంతు వచ్చేదాకా విరామాలు లెక్కపెట్టాలి, మా అమ్మాయి లెక్కపెట్టినట్టే. విన్న విదేశీయులు ఇంత కచ్చితత్వం ఎక్కడా చూడలేదని రాసుకున్నారు. ఆ బృందాలను మనుషులతో సహా అమ్మారు, కొన్నారు. కట్టుబానిసత్వాన్ని చట్టం రద్దు చేసింది 1861లో. అప్పటికే ఆ కొమ్ముల మోజు తగ్గిపోయింది.

రెండు బృందాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే సంగీతంలో తేడా కనబడదు. మనిషికో స్వరం, వంతు, నిరీక్షణ, ఎదురుగా నడిపించే మనిషి. చెవికి అందే నాదమూ అంతే మధురంగా ఉండి ఉంటుంది. ఒకటి నాకు ఆదర్శంలా తోచింది, రెండోది తలుచుకుంటే గొంతు పట్టుకుంటుంది. తేడా ఎక్కడుందో దారిలో ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆ స్వరం నేను కోరి తీసుకున్నదా, నా చేతిలో పెట్టిందా? వద్దనుకుంటే బల్లమీద పెట్టి వెళ్లిపోగలనా? వచ్చే ఏడు ఇంకో స్వరం అడగొచ్చా? ఎదురుగా నిలబడ్డ మనిషి నన్ను నా పేరుతో పిలుస్తున్నాడా, నా స్వరం పేరుతోనా?

ఈ ప్రశ్నలకు రష్యాదాకా పోనక్కర్లేదు. మన ఊళ్లలో డప్పు ఉంది. గుండ్రటి చెక్క చట్రానికి తోలు బిగించి, మంట దగ్గర కాచి శ్రుతి తెచ్చుకుని, కుడిచేత్తో సిర్ర, ఎడమచేత్తో సన్నటి పుల్ల పట్టి వాయించే వాద్యం. ఒక సిర్ర దెబ్బ, రెండు సిర్రల దెబ్బ, ఆట దెబ్బ, ఇలా ఎన్ని దరువులో. చేతివేళ్ల ఒడుపు తెలియనివాళ్లకు అవన్నీ ఒకటే మోతలా వినిపిస్తాయి. పది డప్పులు ఒక్కటిగా పలికినప్పుడు ఒంట్లో రక్తం పరుగు మారుతుంది. అలాంటి వాద్యాన్ని మన సమాజం మాదిగల చేతిలో పుట్టుకతో పెట్టింది. చావుకు వాయించాలి, జాతరకు వాయించాలి, దొర చాటింపుకు వాయించాలి. నిజాం రాజ్యంలో అది వెట్టి. కూలి లేదు, కాదనే హక్కు లేదు. వాయించినవాడి నైపుణ్యాన్ని మెచ్చుకుంటూనే అతన్ని గుడి బయట నిలబెట్టారు. ఒక కులానికి ఒక వాద్యం, ఒక కులానికి ఒక పని, మార్చుకునే వీలు లేకుండా పంచిపెట్టిన ఊరు, నా దృష్టిలో, ఆ ప్రభువుల కొమ్ముల బృందమే. వినడానికి సామరస్యంలా ఉంటుంది.

ఆ డప్పును మళ్లీ చేతిలోకి తీసుకున్న తీరు చూడండి. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా ఉద్యమం మొదలైంది. దొర మాట చాటిన చప్పుడే ఇప్పుడు సొంత హక్కును చాటింది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద అదే డప్పు. 2009 చివర్లో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల ముందు డప్పు మోగితే తార్నాక వీధులదాకా వినిపించేది. ఇంట్లో పని ఆపి గేటు దగ్గరికి వచ్చి నిలబడిన ఆడవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ డప్పు పట్టిన పిల్లల్లో అన్ని కులాలవాళ్లూ ఉన్నారు. పట్టడం రానివాళ్లకు వచ్చినవాళ్లు నేర్పారు. తాతకు వెట్టిగా వచ్చిన విద్యను మనవడు గురువై నేర్పుతుంటే, పీహెచ్‌డీ చేస్తున్న ఇంకో కులం కుర్రాడు సిర్ర పట్టుకోవడం నేర్చుకున్నాడు. వాద్యం మారలేదు. దాన్ని పట్టుకున్న చేతికి కాదనే స్వేచ్ఛ వచ్చింది. ఊళ్లలో ఆ స్వేచ్ఛ అందరికీ వచ్చేసిందని నేననను, ఇంకా రావాల్సిన ఊళ్లు ఉన్నాయి.

మా క్యాంపస్‌కు కలిసి గొంతెత్తడం కొత్త కాదు. 1918లో పుట్టిన యూనివర్సిటీ, ఆర్ట్స్ కాలేజీ గులాబీరంగు రాతి భవనం తెరుచుకుంది 1939 డిసెంబరులో. దానికి ఏడాది ముందే, 1938లో, హాస్టళ్ల ప్రార్థనలో వందేమాతరం పాడొద్దన్నందుకు విద్యార్థులు ఎదురుతిరిగారు. వందలమందిని వెళ్లగొట్టారు. నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్లను చేర్చుకుంది. రాష్ట్రంలోని మిగతా కాలేజీలకూ పాకిన ఆ పోరాటంలో చదువు పోగొట్టుకుని నాగపూర్ వెళ్లినవాళ్లలో పీవీ నరసింహారావు ఒకరు. ఒక పాట కోసం ఊరొదిలి వెళ్లిన పిల్లలు వాళ్లు. 1969 తెలంగాణ ఉద్యమంలోనూ ఇదే నేల మీద నినాదాలు. అందరూ ఒకే మాట అన్నప్పుడు వచ్చే బలం ఈ క్యాంపస్‌కు తెలిసినంతగా ఎక్కడా తెలియదేమో. నాయకుడు ఒక మాట అంటాడు, వెయ్యిమంది తిరిగి అంటారు. అన్యాయం ఎదురుగా ఉన్నప్పుడు అలాగే ఉండాలి. ఆ పోరాటం గెలిచాక, మనిషికో వేరే స్వరం ఇచ్చి, ఆ స్వరాలు ఒకదాన్నొకటి తొక్కకుండా కలిపే విద్య ఒకటి కావాలి. దానికి నాయకులు వేరే రకం మనుషులై ఉండాలి. నేను అలాంటి మనిషిని తార్నాకలోనే చూశాను.

మా వీధిలో ఆడవాళ్ల కోలాటం బృందం ఒకటుంది. హైదరాబాద్ కాలనీల్లో ఇప్పుడిలాంటివి చాలా ఉన్నాయి. సాయంత్రాలు గుడి ఆవరణలోనో, సెల్లార్‌లోనో సాధన చేస్తారు, బ్రహ్మోత్సవాలకు తిరుమల దాకా వెళ్లి వాహనసేవల ముందు ఆడి వస్తారు. మా బృందంలో హాస్టల్ మెస్‌లో వంట చేసే ఆవిడ, రైల్వేలో పనిచేసి దిగిపోయిన ఆవిడ, ఒక నర్సు, హబ్సిగూడ వైపు ల్యాబుల్లో సైంటిస్టుగా చేసిన ఆవిడ, నాలాంటి టీచర్లు, ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లు ఉన్నారు. నడిపేది నల్లగొండ జిల్లా నుంచి వచ్చి బట్టలు కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివించిన దర్జీ. చిన్నప్పుడు వాళ్లూరి గురువు దగ్గర నేర్చుకుందట. సైంటిస్టునైనా, నన్నైనా ఒకేలా సరిచేస్తుంది. నేను కొత్తలో అడుగు తప్పుతుందేమోనని కిందికి చూస్తుంటే, "టీచరమ్మా, కాళ్ల దిక్కు చూడకు, నీ ఉద్ది దిక్కు చూడు" అంది. ఉద్ది అంటే జత. కోలాటంలో ప్రతి మనిషికీ ఎదుటి వరుసలో ఒక ఉద్ది ఉంటుంది. నా కర్ర చప్పుడు నా ఒక్కదాని వల్ల రాదు, ఆమె కర్ర వచ్చి తగిలితేనే వస్తుంది.

జడ కోలాటమైతే ఇంకా కష్టం. మధ్యలో పైనుంచి వేలాడే తాళ్లు, ఒక్కొక్కరి చేతికి ఒకటి. లోపలి వరుస, బయటి వరుస ఒకరినొకరు దాటుకుంటూ పోతుంటే తాళ్లు జడలా అల్లుకుంటాయి. అల్లిన జడను మళ్లీ వెనక్కి నడిచి విప్పాలి. ఒక్క మనిషి దాటాల్సిన వైపు దాటకపోతే ముడి పడుతుంది, ఆ ముడి ఎవరిదని అడిగి లాభం లేదు, అందరూ ఆగాల్సిందే. మా దర్జీ అలాంటప్పుడు ఎవరినీ పేరు పెట్టి అనదు. వెనక్కి నడిపించి విప్పించి, మొదటి కోపు (అడుగుల వరుస) నుంచి మళ్లీ ఎత్తుకుంటుంది.

రెండేళ్ల కిందట మా బృందంలో ఒకామెకు భర్త పోయాడు. నెలలు గడిచినా ఆమె రాలేదు. దేవుడి ముందు ఆడే ఆట కదా, ఇక రాకూడదని ఆమే అనుకుంది. అలా అనుకోవాలని చుట్టుపక్కల చెప్పేవాళ్లకూ కొదవలేదు. ఆమె చోటు ఖాళీగానే ఉంచింది దర్జీ. ఆమె ఉద్ది ప్రతి సాయంత్రం గాలిలోకి కర్ర చాచి, తగలక వెనక్కి తీసుకునేది. ఆ ఖాళీ మాకందరికీ వినిపించేది, దరువులో ఒక దెబ్బ తక్కువ. వేరొకరిని నిలబెడదామని ఎవరో అంటే దర్జీ ఒప్పుకోలేదు. ఒకరోజు కర్రలు తీసుకుని వాళ్లింటికే వెళ్లింది, నేనూ పక్కనున్నాను. ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. "వదినా, నువ్వు రాకుంటే నీ ఉద్దికి పని లేకుండ పోయింది. ఎన్నాళ్లని గాలిని కొడ్తది?" అంది. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఆ వారంలోనే వచ్చింది. గుడి దగ్గర ఒకరిద్దరు మొహాలు తిప్పుకున్నారు. దర్జీ ఆమెను లోపలి వరుసలో, అందరికీ కనిపించే చోట నిలబెట్టింది.

చిన్న స్వరానికి ఉన్న గౌరవం ఏమిటో నాకు అర్థమైంది ఆ పూటే. గొప్ప గాయని లేకపోతే కచేరీ రద్దవుతుంది, డబ్బు వెనక్కిస్తారు. రెండు స్వరాల మనిషి లేకపోతే పాట నడుస్తుంది, కానీ ఆ రెండు స్వరాలు రావాల్సిన ప్రతిచోటా చిల్లు వినబడుతుంది. ఆ చిల్లు వినగలిగే చెవి నడిపే మనిషికి ఉండాలి. ఉంటే ఏమవుతుందో ఇండోనేసియాలో ఒక బడిపంతులు చూపించాడు. దాయెంగ్ సుతిగ్నా అనే ఆయన 1938లో అంగ్‌క్లుంగ్ అనే వెదురు వాద్యాన్ని పాశ్చాత్య స్వరక్రమానికి శ్రుతి చేశాడు. ఊపితే ఒక్క స్వరమే పలికే వెదురు గొట్టాలు అవి. పిల్లలకు తలా ఒకటి ఇచ్చి పాటలు వాయింపించాడు. ఆయన శిష్యుడు ఉజో 1966లో బాండుంగ్‌లో పెట్టిన కేంద్రంలో చూడటానికి వచ్చిన వాళ్లందరికీ ఒక్కో అంగ్‌క్లుంగ్ ఇస్తారు. వేదిక మీది మనిషి ఒక్కో స్వరానికి ఒక్కో చేతిగుర్తు చూపిస్తాడు, కాసేపట్లో వందలమంది కొత్తవాళ్లు కలిసి పాట వాయించేస్తారు. 2010లో యునెస్కో దాన్ని మానవజాతి వారసత్వంగా గుర్తించింది. కంచు గంటల సెట్టు తెప్పించాలంటే లక్షల్లో ఖర్చు. వెదురు మన అడవుల్లో ఉంది. ఈ క్యాంపస్‌లో ఎవరైనా పూనుకుంటే, వైస్ ఛాన్సలర్ నుంచి పక్కనున్న మాణికేశ్వర్ నగర్ వడ్డెర బస్తీ పిల్లలదాకా తలా ఒక స్వరం పట్టుకునే బృందం కట్టవచ్చు. నేను వస్తాను, కింది స్థాయి షడ్జమం ఇచ్చినా సంతోషమే.

మా అమ్మాయి తిరిగి వెళ్లేముందు ఒక సాయంత్రం కోలాటం చూడటానికి వచ్చింది. మిషిగన్‌లో తమ బృందాన్ని నడిపే ఆవిడకు చెప్పాలని కాబోలు, మా దర్జీని కూర్చోబెట్టి అడిగింది: "అక్కా, ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో ఎట్లా తేలుస్తవు?"

దర్జీ ముళ్లు పడిన తాడు విప్పుతూనే చెప్పింది. "గట్టిగ కొట్టేటోళ్ల ఎదురుంగ మెల్లగ కొట్టేటోళ్లను పెడ్త. ఇద్దరూ గట్టోళ్లయితే కర్రలు పగుల్తయి. కొత్తోళ్లను పాతోళ్ల నడుమ పెడ్త. ఆరు నెలలకు అందరినీ మారుస్త. మీ టీచరమ్మ మొన్నటిదాక లోపలి వరుసల ఉండె, ఇప్పుడు బయటి వరుస. ఆ వదిన ఇప్పుడు కోపులు గూడ చెప్తది, నేను మిషను మీద కూసున్ననాడు ఆమెదే నడిపిచ్చుడు."

"మేమూ సీజన్ మారగానే గంటలు మార్చుకుంటాం. నాకు ఈసారి కింది స్థాయివి ఇస్తామన్నారు, బరువు" అంది అమ్మాయి.

"బరువైతే నేర్చుకుంటవు తియ్యి" అని దర్జీ లేచింది. నర్సుకు ఆ రాత్రి డ్యూటీ పడింది, ఆమె ఉద్ది ఒక్కతే నిలబడి ఉంది. రెండు కర్రలు తెచ్చి మా అమ్మాయి చేతిలో పెట్టి, చెప్పులు విడిచి వరుసలోకి రమ్మంది.